బరువులాగు ట్రాక్టరునకు క్రొత్త టైర్లను ఎన్నుకొను విధము

ఎద్దును కొనదలచిన రైతు దాని పండ్లు చూచును, సుడులు చూచును, నాలుగడుగులు నడిపించి గిట్టలు చూచును. అంతటితో తృప్తి చెందక, తెలిసినవారి నిద్దరిని వెంటబెట్టుకొని సంతకు పోవును. ఆ రైతే నేడు ట్రాక్టరునకు టైరు కొనబోవునపుడు అంగడివాని నొక్కమాట మాత్రమే యడుగుచున్నాడు: "వెల యెంత?" ఎద్దుకు గిట్టలెట్టివో ట్రాక్టరునకు టైర్లట్టివి. ఇంజనుకు బలమెంత యున్నను, ఆ బలము నేలను పట్టుకొనునది టైరు మూలముననే గదా!

ప్రొద్దుటూరు పత్తి వ్యాపారమునకును, జమ్మలమడుగు ఎఱ్ఱగుంట్ల ప్రాంతముల నాపరాతికిని, పులివెందుల చీనీకాయలకును అరటిగెలలకును నేడు ట్రాక్టరే వాహనము. దుక్కికాలమున మడక లాగును. కోతలైన పిమ్మట ట్రాలీ లాగును. పని లేని దినములలో బాడుగకు ఇసుకయు రాళ్లును లాగును. కావున మన తాలూకాల ట్రాక్టరు సంవత్సరములో సగము సేద్యగాడు, సగము బండివాడు. ఈ రెండు పనులకును ఒకే టైరు సమానముగా నక్కరకు రాదు. ఈ సంగతి తెలియకపోవుటచేత రైతునకు గలుగుచున్న నష్టము కొంత డబ్బు రూపమునను, కొంత ప్రాణాపాయ రూపమునను ఉన్నది. అందుచేత నేను గ్రామములలో తిరుగుచు చూచినవియు, చేతులారా కొలిచినవియు నగు విషయములను ఇందు వ్రాయుచున్నాను.

మొదట ఒక విచారకరమగు సంగతి

కొన్ని యేండ్ల క్రిందట పత్తితీతల కాలమున, మన ప్రాంతపు గ్రామమొకదానిలో ఒక రైతు ట్రాలీకి కుడిప్రక్క టైరు పాడుకాగా, లారీకి వాడి తీసివేసిన పాతటైరు నొకదానిని తెచ్చి వేసెను. అడుగున రబ్బరు బాగుగనే యుండెను. ప్రక్కగోడకు మాత్రము లోపలివైపున అతుకు ఉండెను. అతుకు లోపల నుండుటచేత పైకి కనబడలేదు. నాలుగుదినములు బాగుగనే నడచెను. అయిదవనాటి సాయంకాలము బోరెముల పత్తిపైన కూలిస్త్రీలను కూర్చుండబెట్టుకొని వచ్చుచుండగా, ఎండకు కాగిన తారురోడ్డుమీద ఆ టైరు ప్రేలెను. ట్రాలీ ఒరగెను. అయిదుగురు స్త్రీలు క్రిందబడిరి. వారిలో నొకామెకు తొడయెముక విరిగెను. ఆమె యిప్పటికిని కఱ్ఱ యూతతో నడచుచున్నది. ఆ టైరునందు రైతు మిగుల్చుకొన్నది రెండువేల రూపాయలు.

ట్రాలీ మనుష్యులను ఎక్కించుటకు గాదని అందఱకును తెలియును, ఎక్కించుచునే యున్నాము. అది వేఱు విషయము, అదియును మానవలసినదే. కాని ఆ టైరు లోపలి అతుకును కొనకముందు చేతితో తడవి చూచియున్నయెడల ఆ యాపద వచ్చియుండెడిది కాదు. ఎద్దు నోరు తెఱచి చూచు రైతు టైరు లోపల చేయిపెట్టి చూడలేడా?

టైరు ఎట్లు వచ్చినది

గాలితో నిండిన రబ్బరుచక్రమునకు 1845లో రాబర్టు తాంసను అను నతడు పేటెంటు పొందెను గాని, అది వాడుకలో నిలువలేదు. 1888లో బెల్ఫాస్టు నగరమున పశువైద్యుడగు జాన్ బాయిడ్ డన్లపు తన కుమారుని మూడుచక్రముల బండికి గాలిగొట్టము నమర్చిన తర్వాత అది లోకమంతట వ్యాపించెను. ట్రాక్టర్లకు మాత్రము ఆ తర్వాత చాలకాలము ఇనుపచక్రములే యుండెడివి. 1932లో అమెరికాదేశమున ఆలిస్-చామర్సు కంపెనీవారు తమ ట్రాక్టరునకు గాలిటైర్లు వేసి అమ్మసాగిరి. ఇనుపచక్రము రోడ్డెక్కలేదు, రబ్బరుచక్రము చేనిలోనుండి తిన్నగా రోడ్డెక్కగలదు. ట్రాక్టరు బండివాడైనది ఈ మార్పుచేతనే.

మార్చవలసిన కాలమును గుర్తించుట

టైరు పూర్తిగా బోడియగువఱకు వాడుట మనవారికి వాడుక. అది పొదుపుగా తోచును గాని పొదుపు గాదు. అరిగిన టైరు చేనిలో జారును. జారిన ప్రతి చుట్టునకును డీసెలు కాలుచునే యుండును, దుక్కి మాత్రము సాగదు. ఎంత జారుచున్నదో ప్రతి రైతును తానే పరీక్షించుకొనవచ్చును. దానికి ఒక సుద్దముక్కయు, ఒక కొలతాడును చాలును.

వెనుకటైరు ప్రక్కన సుద్దతో నొక గీత గీయవలెను. మడకను పైకెత్తి, చేనిలో చక్రము సరిగా పది చుట్లు తిరుగువఱకు నడిపి, నడచిన దూరమును కొలువవలెను. అది 40 మీటర్లు వచ్చినదనుకొందము. పిమ్మట మడకను దింపి, ఎప్పటి లోతున దున్నుచు మరల పది చుట్లు నడిపి కొలువవలెను. ఇపుడు 34 మీటర్లు వచ్చినయెడల, 40కి 6 తగ్గినది. అనగా నూటికి 15 వంతులు జారుడు. రెండుచక్రముల బలముతో నడచు ట్రాక్టరునకు దున్నిన నేలలో నూటికి 10 మొదలు 15 వఱకు జారుట సహజము. 28 మీటర్లే వచ్చినచో నూటికి 30 వంతులు జారినట్లు. అట్టి టైరుతో దున్నినవాడు పదిగంటల డీసెలు పోసి ఏడుగంటల పని చేయించుకొన్నవాడగును. అయితే పట్టెలు అరిగియుండుటయే గాక, ట్రాక్టరు మీద బరువు చాలకున్నను, నేల మిక్కిలి తడిగా నున్నను, మడక అతిలోతుగా దిగినను జారును. కావున ముందు వానిని సరిచూచి, పిమ్మట టైరుమీద నేరము మోపవలెను.

పట్టెల యెత్తును స్కేలుతో కొలుచుట మఱియొక పరీక్ష. క్రొత్తటైరునందున్న యెత్తులో నాలుగవవంతు మాత్రమే మిగిలియున్న టైరు దుక్కికి పనికిరాదు. ఇవిగాక, ప్రక్కగోడ ఉబ్బుట, లోపలి నూలుపొరలు కనబడునట్లు కోసికొనిపోవుట, రిమ్మునంటు అంచులోని తీగ బయటపడుట — వీనిలో నేదియున్నను, పట్టెలు క్రొత్తవిగానే యున్నను ఆ టైరును మార్చివేయవలసినదే. మన నాపరాతి ముక్కల అంచు కత్తివంటిది. పత్తికఱ్ఱ, కందికఱ్ఱ కోసిన మోళ్లు ములుకులవంటివి. రాళ్లబాడుగకు పోవువారును, మోళ్లచేలలో తిరుగువారును వారమున కొకసారి ప్రక్కగోడలను తడవి చూచుట మంచిది.

అరిగిన తీరే రోగమును తెలుపును. నడుమ మాత్రమరిగినచో గాలి యెక్కువ. రెండంచులును అరిగినచో గాలి తక్కువ, లేక బరువెక్కువ. ముందుటైరు ఒక్క ప్రక్కనే అరిగినచో ముందుచక్రముల వరుస తప్పినదని యెఱుగవలెను. రోగమును కుదుర్పక టైరును మార్చినయెడల క్రొత్తటైరును అట్లే అరుగును.

టైరు ప్రక్కనున్న అక్షరములు

టైరు ప్రక్కగోడమీద దాని జాతకమంతయు వ్రాసియే యుండును. చదువ నేర్చుకొనవలెను.

"13.6-28" అని యున్నయెడల, టైరు వెడల్పు సుమారు 13.6 అంగుళములనియు, లోపలి రిమ్ము వ్యాసము 28 అంగుళములనియు అర్థము. మన ప్రాంతపు ట్రాక్టర్లకు వెనుకప్రక్క 12.4-28, 13.6-28, 14.9-28 కొలతలును, ముందుప్రక్క 6.00-16, 6.50-16, 7.50-16 కొలతలును సాధారణములు. నడుమ గీతకు బదులు "ఆర్" అను ఇంగ్లీషు అక్షరమున్నచో అది రేడియల్ టైరు.

"12 పి.ఆర్." అని యుండును. ఇది పండ్రెండు పొరల బలమునకు సమానమగు బలమని చెప్పుటయే గాని, లోపల పండ్రెండు పొరలున్నవని గాదు. ఒకే కొలతలో ఈ అంకె హెచ్చుకొలదిని మోయగల బరువు హెచ్చును.

కొన్ని టైర్లమీద "121 ఏ6" వంటి గుర్తుండును. మొదటి అంకె బరువును, వెనుకటి అక్షరము వేగమును తెలుపును. 100 అనగా ఒక్క టైరు 800 కిలోలు, 110 అనగా 1,060, 121 అనగా 1,450, 130 అనగా 1,900, 135 అనగా 2,180 కిలోలు. ఏ6 అనగా గంటకు 30 కిలోమీటర్లు, ఏ8 అనగా 40 కిలోమీటర్లు. ఆ వేగమునకు మించి ఆ బరువును మోయించుట తయారుచేసినవాని మాటను త్రోసివేయుట యగును.

ఇక నాలుగంకెల గుర్తొకటి కలదు. "1825" అని యున్నచో 2025వ సంవత్సరపు 18వ వారమున చేయబడినదని అర్థము. రబ్బరు వాడకున్నను ముసలిదగును. ఎండతగులు అంగడి వాకిట నాలుగేండ్లు నిలిచిన టైరు క్రొత్తదనిపించుకొనదు. కొనునపుడు ఈ నాలుగంకెలను తప్పక చదువవలెను.

బరువు లెక్క

ఇది యీ వ్యాసమునకు గుండెకాయ వంటిది. నేను మిషనుబడిలో చదువుకొనునపుడు మా లెక్కల అయ్యవారు తులాకోలతో నేర్పిన పాఠమే యిది. దానిని ట్రాక్టరునకు అన్వయించిన చాలును.

ఒక ట్రాక్టరు 2,000 కిలోలున్నదనుకొందము. ముందుచక్రములమీద 800, వెనుకచక్రములమీద 1,200 కిలోలు. ముందు ఇరుసునకును వెనుక ఇరుసునకును నడుమ 2 మీటర్ల దూరము. ట్రాలీని తగిలించు హుక్కు వెనుక ఇరుసునకు 70 సెంటీమీటర్లు వెనుకగా నున్నది. రెండుచక్రముల ట్రాలీ వట్టిది 1,000 కిలోలు, సరకు 4,000 కిలోలు, మొత్తము 5,000. అందు 1,000 కిలోలు హుక్కుమీద పడుచున్నవనుకొందము.

మిగిలిన 4,000 కిలోలు ట్రాలీ రెండుటైర్లమీద పడును, ఒక్కొక్కదానిమీద 2,000. కావున 130 గుర్తుగల టైరు, అనగా 1,900 కిలోలది, చాలదు. గుంతలలో పడునపుడు బరువు ఒక్క ప్రక్కకు త్రోసికొనివచ్చును గనుక 135 గుర్తుగలది వేయుట క్షేమము.

ఇక హుక్కుమీది 1,000 కిలోలు ట్రాక్టరు తోకను క్రిందికి అదుము కొలది తల పైకి లేచును. ఎంత? 1,000ని 70తో గుణించి 200తో భాగింపగా 350 కిలోలు. ముందుచక్రములమీద మిగిలినది 450 మాత్రమే. వెనుకచక్రములమీద 1,200, హుక్కు బరువు 1,000, ముందునుండి వచ్చిన 350, వెరసి 2,550 కిలోలు. ఒక్కొక్క టైరుమీద 1,275. 121 గుర్తుగల వెనుకటైరు దీనిని మోయగలదు.

స్టీరింగు మాట వినవలెనన్నచో ట్రాక్టరు బరువులో కనీసము అయిదవవంతు, అనగా ఇచట 400 కిలోలు, ముందుచక్రములమీద నుండవలెను. ఇపుడు 450 ఉన్నవి గనుక అంచుమీద నున్నాము. అదే సరకును ట్రాలీలో ముందుకు త్రోసి నింపి, హుక్కుమీద 2,000 కిలోలు పడనిచ్చినయెడల ముందునుండి 700 కిలోలు లేచిపోవును, మిగిలినది 100. గట్టు ఎక్కునపుడు లాగుడుబలముచేత ఆ నూఱును పోవును. ముందుచక్రములు గాలిలో లేచి ట్రాక్టరు వెనుకకు తిరగబడి డ్రైవరు ప్రాణము తీయుట ఇట్లే జరుగుచున్నది. నాపరాళ్లు నింపువారు తమకు సులువని ముందుప్రక్కనే పేర్చుదురు; ఇది ప్రమాదకరము. అట్లని వెనుకప్రక్కనే పేర్చినచో హుక్కు పైకి లేచి వెనుకటైర్లకు పట్టు తప్పును. బరువు ట్రాలీ ఇరుసునకు రవంత ముందుగా నుండునట్లు సమముగా పేర్చవలెను. హుక్కును ఎపుడును వెనుక ఇరుసుకంటె క్రిందుగానే తగిలింపవలెను. ముందుభాగమున ఇనుపబిళ్లలు వేయుట అలంకారమునకు గాదు, ఈ 350 కిలోలను తిరిగి రాబట్టుటకు.

నాలుగుచక్రముల ట్రాలీ తన బరువును తానే మోసికొనును. హుక్కుమీద బరువు పడదు. దానివలన ముందుచక్రములు లేచు భయము తగ్గును గాని, వెనుకటైర్లకు అదనపు పట్టును దొరకదు. ఎవరి ట్రాలీ యెట్టిదో వారు తమ లెక్కను తామే వేసికొనవలెను.

ఏ నేలకు ఏ పట్టెలు

జమ్మలమడుగు, పెద్దముడియము, రాజుపాళెము ప్రాంతముల నల్లరేగడిలో సెనగ, పత్తి వేయువారికి ఎత్తయిన, దూరదూరముగా నున్న, ఏటవాలు పట్టెల టైరే తగినది. తడిరేగడి టైరును పట్టుకొని విడువదు. పట్టెల నడుమ చోటున్నపుడే బురద జారిపోవును. కర్నూలు-కడప కాలువక్రింద ప్రొద్దుటూరు ప్రాంతమున వరిమడులు దున్నువారికిని ఇదే న్యాయము. దమ్ముచక్రములు మడిలోనే వాడదగినవి. వానితో రోడ్డెక్కుట రోడ్డునకును, ట్రాక్టరునకును చేటు.

పులివెందుల ప్రాంతపు గరుసునేలలు, ఎఱ్ఱనేలలు, గులకరాళ్ల బాటలు వేఱు. అచట బురదకంటె రాయి శత్రువు. ప్రక్కగోడ దళసరిగానుండి, పట్టెలు వెడల్పుగానున్న టైరు ఎక్కువకాలము మన్నును.

సంవత్సరములో సగమునకు మించి తారురోడ్డుమీద బాడుగ లాగువారికి ఎత్తుపట్టెల టైరు నష్టము. ఎత్తయిన పట్టె గట్టిరోడ్డుమీద ఊగి, రాచుకొని, వేడెక్కి త్వరగా అరుగును. వెడల్పుగాను, తక్కువ యెత్తుగాను, దగ్గఱదగ్గఱగాను పట్టెలుండి, బరువులాగుటకే చేయబడిన టైర్లు వేఱుగా దొరకును. అవి దుక్కిలో కొంత జారును గాని రోడ్డుమీద చాలకాలము నిలుచును. కావున అంగడికి పోకముందు, గడచిన సంవత్సరములో చేనిలో ఎన్ని గంటలు, రోడ్డుమీద ఎన్ని గంటలు నడచినదో వ్రాసికొనవలెను. ఆ లెక్కయే ఏ టైరో చెప్పును.

రేడియల్ టైరు నేలను ఎక్కువ మేర ఆనుకొని తక్కువ జారును. డీసెలు ఆదా యగును. కాని వెల హెచ్చు, ప్రక్కగోడ పలుచన. మోళ్లచేలును, రాళ్లబాటలును గల మన ప్రాంతమున దీనిని జాగ్రత్తగా ఆలోచించి వేయవలెను. ఒకే ఇరుసునకు ఒక ప్రక్క రేడియల్, ఒక ప్రక్క మామూలుటైరు ఎన్నడును వేయరాదు.

కొలత మార్చరాదు — నా తప్పిదము

ఇచట నా తప్పొకటి ఒప్పుకొనవలసియున్నది. ఒక రైతు తన నాలుగుచక్రముల బలముతో నడచు ట్రాక్టరునకు వెనుకటైర్లు మార్చుచు, "ఇంకొంచెము పెద్దవి వేసిన ఎక్కువ పట్టుండును గదా, అయ్యా?" అని నన్నడిగెను. నేను ఆలోచింపకయే "వేయవచ్చును" అంటిని. అతడు వేసెను. ఆరునెలలలోపున ముందుటైర్లు అరిగిపోయెను. ముందు ఇరుసులోని పండ్లచక్రములు శబ్దము చేయసాగెను. మరమ్మతునకైన వ్యయము రెండు వెనుకటైర్ల వెలను మించెను. ఆ రైతు నన్ను ఒక్కమాట యనలేదు. అనియున్నచో నాకు కొంత తేలికగా నుండెడిది.

కారణమిది. అట్టి ట్రాక్టరులో ముందుచక్రములును, వెనుకచక్రములును పండ్లచక్రములచే ఒక నిష్పత్తిలో కట్టుబడియుండును. ముందువి వెనుకవానికంటె రవంత వేగముగా నేలను త్రొక్కునట్లు అమర్చియుందురు. వెనుకటైరు ఎత్తు పెరిగినచో ఈ నిష్పత్తి చెడి, ముందుచక్రములు బ్రేకువలె ఈడ్చుకొనిపోవును. ఆ పోరు యంత్రము లోపల జరుగును. కావున తయారీదారుడు ట్రాక్టరు పుస్తకములో వ్రాసిన కొలతలనే వేయవలెను. అట్టి ట్రాక్టరును గట్టిరోడ్డుమీద నడుపునపుడు ముందుచక్రముల బలమును తప్పించి నడుపవలెను.

రెండుచక్రముల బలముగల ట్రాక్టరులోనైనను వెనుకటైర్లను జతగానే మార్చవలెను. ఒకటి క్రొత్తది, ఒకటి అరిగినది యైనచో రెంటి చుట్టుకొలతయు వేఱై, వెనుక ఇరుసులోని డిఫరెన్షియలు విశ్రాంతి లేక పనిచేయుచునే యుండును. రిమ్ము వెడల్పును చూచుకొనవలెను: 12.4-28కి 11 అంగుళముల రిమ్ము, 13.6-28కి 12 అంగుళముల రిమ్ము సరియైనవి. ఇరుకురిమ్ముమీద వెడల్పుటైరు బిగించినయెడల నడుమ ఉబ్బి అక్కడనే అరుగును.

పాతటైర్లు, రబ్బరు వేయించిన టైర్లు

రీట్రేడింగు, అనగా అరిగిన టైరునకు పైరబ్బరు క్రొత్తగా వేయించుట, చెడ్డది గాదు. క్రింది గుల్ల బాగుగానున్నపుడు అది మంచి పొదుపు. కాని ముందుచక్రములకు ఎన్నడును వేయరాదు. అవి దారి చూపునవి. ట్రాలీకి వేయదలచినచో, గుల్లలోపల అతుకులు లేవనియు, అంచుతీగ చెడలేదనియు, ప్రక్కగోడ పగుళ్లు లేవనియు స్వయముగా చూడవలెను. తన టైరునే ఇచ్చి తన టైరునే తెచ్చుకొనుట మేలు. పరులటైరు చరిత్ర మనకు తెలియదు.

చౌకయో, ప్రియమో వెలనుబట్టి చెప్పరాదు. ఉదాహరణకు, 15,000 రూపాయల టైరు 1,500 గంటలు నడచినచో గంటకు 10 రూపాయలు. 20,000 రూపాయలది 2,500 గంటలు నడచినచో గంటకు 8 రూపాయలు. రెండవదే చౌక. గంటల లెక్క వ్రాయనివానికి ఈ సంగతి ఎన్నటికిని తెలియదు. ట్రాక్టరు టైర్లమీదను, వాని ట్యూబులమీదను జి.ఎస్.టి. 2025 సెప్టెంబరు 22వ తేదీనుండి నూటికి 18 నుండి 5కు తగ్గింపబడినది. కావున బిల్లు అడిగి తీసికొని, పన్ను ఎంత వేసిరో చూచుకొనవలెను. బిల్లు లేనిదే, టైరు చెడినపుడు అడుగు హక్కును ఉండదు.

బిగించుట, గాలి, నీరు

క్రొత్తటైరునకు క్రొత్తట్యూబు వేయవలెను. పాతట్యూబు సాగియుండుటచేత లోపల ముడుతపడి, ఆ ముడుతయొద్దనే తెగును. రిమ్ము త్రుప్పును గీకి, సబ్బునీరు పూసి టైరును ఎక్కింపవలెను. ప్రక్కన బాణపుగుర్తున్నది, చక్రము ముందుకు తిరుగు దిక్కు అది. వెనుక నిలిచి చూచినపుడు పట్టెలు కలియు మొన పైకి చూపవలెను. తలక్రిందుగా వేసినచో బురద బయటకు పోక లోపలికి చేరును. గాలి నింపునపుడు టైరునకు ఎదురుగా నిలువరాదు. పొడవైన గొట్టముతో ప్రక్కనుండి నింపవలెను. టైరుండగా రిమ్మునకు వెల్డింగు చేయించుట మిక్కిలి అపాయకరము. లోపలి గాలి కాగి టైరు ప్రేలగలదు.

గాలి యెంత యుండవలెనో టైరు కంపెనీ పట్టికయు, ట్రాక్టరు పుస్తకమును చెప్పును. సాధారణముగా వెనుకటైర్లకు దుక్కిలో చదరపుటంగుళమునకు 12 మొదలు 14 పౌనులు, ట్రాలీ లాగునపుడు 16 మొదలు 18 పౌనులు. ముందుటైర్లకు 26 మొదలు 30 పౌనులు. ట్రాలీటైర్లకు చాల ఎక్కువ కావలెను. ప్రక్కగోడమీది అంకెను చూడవలెను. గాలిని తెల్లవారుజామున, టైరు చల్లగానున్నపుడు కొలువవలెను. మన కడపజిల్లా వేసవిలో ఎండ 40 డిగ్రీలు దాటుట మామూలు. పగలు కాగిన టైరులో గాలి పెరిగినదని కొందఱు విడుతురు, అది తప్పు. చల్లబడిన పిమ్మట గాలి తక్కువై, మరునాడు ప్రక్కగోడ ఎక్కువ వంగి, ఎక్కువ కాగి, పొరలు విడిపోవును. టైరును చంపునది ఎండకంటె తక్కువగాలియే.

దుక్కికి వెనుకటైర్లలో నీరు నింపుట మంచి యుపాయము. గాలిమూతి పైకుండునట్లు చక్రమును నిలిపి, మూతిమట్టమువఱకు నింపినచో మూడువంతులు నిండును. నాలుగవవంతు గాలికి విడువవలెను. దీనితో ఒక్కొక్క చక్రమునకు నూఱు కిలోలకు మించిన బరువు చేకూరి, పట్టు పెరుగును. కాని నీరు నిండిన టైరు రోడ్డుమీద మెత్తగా వంగదు. నెలలకొలది రోడ్డుబాడుగయే చేయువారు నీటిని తగ్గించుకొనుట మంచిది.

సంఘము చేయదగిన పని

ఒక్కొక్క రైతు ఒక్కొక్క టైరు కొనబోవుటచేత అంగడివాడు చెప్పినదే వెలయగుచున్నది. సహకారసంఘములు విత్తనములను, ఎరువులను కలసి తెప్పించునట్లే, దుక్కికాలమునకు రెండునెలలు ముందుగా సభ్యులయొద్ద టైర్ల కొలతలను వ్రాయించుకొని, ఒకేసారి పదియిరువది జతలు తెప్పించినయెడల వెలయు తగ్గును, తయారైన తేదీని ఎంచుకొను హక్కును ఉండును. సంఘము కార్యాలయమున నొక మంచి గాలికొలమానమును, గాలి నింపు యంత్రమును ఉంచినచో ఖర్చు కొద్ది, లాభము మెండు. ప్రతి ట్రాక్టరునకును టైరు వేసిన తేదీ, నడచిన గంటలు, తీసివేసిన కారణము ఒక పుస్తకమున వ్రాసియుంచినచో మూడేండ్లలో మన ప్రాంతమునకు ఏ టైరు తగినదో మనకే తెలిసిపోవును. ఎవరి ప్రకటనలును చదువనక్కరలేదు.

జ్ఞప్తియందుంచుకొనదగినవి

1. కొనకముందు చేనిగంటలను, రోడ్డుగంటలను లెక్కవేయుము.
2. ట్రాలీబరువును, హుక్కుబరువును కట్టి, టైరు మోయగల బరువును సరిచూడుము.
3. ట్రాక్టరు పుస్తకములోని కొలతను మార్చకుము.
4. ఒకే ఇరుసునకు జతగా, ఒకే రకముగా వేయుము.
5. తయారైన వారమును, సంవత్సరమును చదువుము.
6. పాతటైరైనచో లోపల చేయిపెట్టి తడవి చూడుము.
7. గాలిని ప్రాతఃకాలమున కొలువుము.
8. ట్రాలీమీద మనుష్యులను ఎక్కింపకుము.

మన పెద్దలు బండి కదలకముందు ఇరుసునకు కందెన వేసి, శీలలు తడవి చూచి, ఎద్దులమెడలు నిమిరి గాని కాడి వేసెడివారు కారు. యంత్రము వచ్చినదని ఆ శ్రద్ధను మానుకొనుట తగదు. కఱ్ఱ యూతతో నడచు ఆ తల్లిని నేను ఎపుడు చూచినను, టైరు లోపలి ఆ చిన్న అతుకే నాకు జ్ఞప్తికి వచ్చుచుండును. దానిని తడవి చూచుటకు ఒక్క నిమిషము చాలియుండెడిది.